చింతపిక్కల సైన్యం, చంద్రగిరి సింహాసనం

స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2013లో తెచ్చిన ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ అనే కంప్యూటర్ ఆటలో కాలం 1444 నవంబరు 11న మొదలవుతుంది. అప్పటికి విజయనగర సింహాసనం మీద ఉన్నది రెండో దేవరాయలు. ఆడేవాడు ఆ రాజ్యాన్ని ఎంచుకున్నాడంటే ఖజానా, సైన్యం, పన్నులు, రాయబారాలు అన్నీ వాడి చేతికే వస్తాయి. 1821 దాకా ఏలుకోవచ్చు. తళ్ళికోట యుద్ధాన్ని రాకుండానే తప్పించుకోవచ్చు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు ఒక వేసవి సెలవులంతా ఆ పనిమీదే ఉన్నాడు. చివరికి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. “చూడు మామా, ఢిల్లీ దాకా మనదే.” పటమంతా ఒకే రంగు.

“చంద్రగిరి ఎవురి కింద ఉండాది?” అనడిగాను.

“నా కిందనే. అంతా నా కిందనే గదా!”

చంద్రగిరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి నేను. ‘అంతా నా కిందనే’ అనగలిగిన రాజు ఈ నేలమీద ఎన్నడూ లేడని నాకు తెలుసు. విజయనగర సైన్యంలో పెద్ద భాగం రాజు సొంతం కాదు. అమరనాయకులకు సీమలు రాసిచ్చి, దానికి బదులుగా ఇంతమంది బంటుల్ని పోషించాలని వాళ్ళతో కట్టడి చేసుకునేవాడు. నాయకుడు అలిగితే సైన్యమూ అలిగినట్టే. వాడి ఆటలో ఆ అలక నాకు కనబడలేదు. దాన్ని తీసుకురావాలంటే రాజ్యాన్ని ఒక్కడి చేతిలోంచి తీసి పదిమందికి పంచాలి. ఆ సాయంత్రమే అన్నాను: “ఒరే, ఇదే ఆటను మన చంద్రగిరి మీద కడదాం. అయితే రాజు ఒక్కడుగా ఉండడు.”

పటం నుంచి మనుషుల దగ్గరికి

ఇలాంటి ఆటల్ని గ్రాండ్ స్ట్రాటజీ గేములంటారు. వీటి మీద ఆధారపడి పదిమంది వేషాలు పంచుకుని నెలల తరబడి సాగించే కథకు రోల్ ప్లే క్యాంపెయిన్ అని పేరు. ఇది రకరకాలుగా నడుస్తుంది. ఒక పద్ధతిలో ఒక్కొక్కరూ ఒక్కో దేశాన్ని తీసుకుని, ఆ దేశపు రాజుగా మిగతావాళ్ళకు ఉత్తరాలు రాస్తూ, ఒప్పందాలు చేసుకుంటూ, తెంచుకుంటూ కంప్యూటర్‌లో ఆడతారు. ఇంకో పద్ధతిలో దేశం ఒకటే, మీటలు నొక్కే మనిషీ ఒకడే. మిగతావాళ్ళు మంత్రులు, సేనాపతులు, వర్తకులై వాదించుకుని తేల్చిన నిర్ణయాన్నే అతను అమలు చేస్తాడు. మూడో పద్ధతిలో కంప్యూటర్ని కట్టేసి, దాని ఆలోచనల్ని మాత్రం కాగితం మీదికి దించుకుంటారు. మాది మూడోది. కరెంటు పోయినా రాజ్యం ఆగదు.

ఇలాంటి ఆటలకు వంశవృక్షం ఉంది. 1824లో ప్రష్యా సైన్యం రైస్విట్జ్ అనే అధికారి తయారుచేసిన ‘క్రీగ్స్‌ష్పీల్’ను తన అధికారుల శిక్షణకు తీసుకుంది. పటం మీద యుద్ధం నడుస్తుంటే ఎవరికి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో ఒక మధ్యవర్తి నిర్ణయించేవాడు. 1959లో అమెరికాలో అలెన్ క్యాల్‌హామర్ ‘డిప్లొమసీ’ అనే బోర్డు ఆటను అచ్చువేయించాడు. ఏడు యూరప్ రాజ్యాలు, పాచికల్లేవు. అందరూ చాటుగా మాట్లాడుకుని, ఎవరి ఆజ్ఞలు వాళ్ళు రాసి, ఒక్కసారే విప్పుతారు. మాటిచ్చి తప్పినవాడు అక్కడే దొరికిపోతాడు. 1969లో డేవిడ్ వెస్లీ నడిపిన ‘బ్రౌన్‌స్టీన్’లో ఆడేవాళ్ళు సైన్యాలకు బదులు మనుషులయ్యారు. ఒక ఊళ్ళో ఒక్కొక్కరికీ ఒక వేషం, ఒక సొంత కోరిక. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’కు దారి వేసింది ఆ ఆటే. మధ్యవర్తి, రాసిన ఆజ్ఞ, సొంత కోరిక: ఈ మూడూ ఉంటే చాలు, ఆట కట్టొచ్చు.

జాతర నేర్పిన నియమం

వేషం కట్టి కథలోకి దిగడం మా సీమవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. దాని వెనక కథ ఇది: ఆడవాళ్ళను చెరపట్టే పాళెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. అతన్ని బయటికి రప్పించడానికి ఆమె మారువేషాల్లో తిరుగుతుంది. దొర వేషంలో వచ్చినప్పుడు ఎవరో దొరే వచ్చాడనుకుని పాళెగాడు బయటపడతాడు, తల పోగొట్టుకుంటాడు. బండ వేషం కట్టినవాడు బూతులు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. మర్నాడు అదే మనిషి అంగట్లో ఎదురుపడితే “ఏం అన్నా, బాగుండావా” అని పలకరిస్తారు. వేషంలో అన్నమాట వేషంతోనే పోతుంది. మా ఆటకు మొదటి నియమంగా పెట్టుకున్నది దీన్నే.

చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే భారతం తిరునాళ్ళు రెండో పాఠం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఒక రోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరి రోజు నేలమీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి వధ. చివరికి ఏమవుతుందో అక్కడికొచ్చిన పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా జనం తరగరు. ముగింపు తెలిసిన కథ చప్పగా ఉంటుందనే భయంతో చారిత్రక ఆటలు కట్టనివాళ్ళు ఒకసారి ఆ తిరునాళ్ళకు వచ్చి చూడాలి.

1614 ఎందుకు?

ఆట ఎక్కడ మొదలుపెట్టాలన్నదే సగం పని. రాజ్యం బలంగా ఉన్న ఏడు పనికిరాదు. అప్పుడు అందరూ రాజు మాటే వింటారు, ఆడటానికేమీ మిగలదు. కూలిపోయాక కూడా పనికిరాదు. ఇంకా కూలలేదు, కానీ రేపేమవుతుందో ఎవరికీ తెలియదు అన్న రోజు కావాలి.

1565లో రక్కసి-తంగడి (తళ్ళికోట యుద్ధమంటే ఇదే) దెబ్బ తర్వాత అరవీటి వంశంవాళ్ళు పెనుకొండకు, అక్కణ్ణుంచి చంద్రగిరికి, రాయవేలూరుకు వచ్చారు. 1586 ప్రాంతంలో సింహాసనమెక్కిన వేంకటపతి రాయలు చెదిరినదాన్ని చాలావరకు కూడదీశాడు. 1598 నుంచి ఆయన కొలువులో జెస్యూట్ పాదిరీలు ఉన్నారు. పులికాట్‌లో డచ్చివాళ్ళు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. అంతకు ముందటేడే శాంతోం పోర్చుగీసువాళ్ళు వచ్చి అక్కడి డచ్చి స్థావరాన్ని ధ్వంసం చేసి పోయారు. 1614 అక్టోబరులో వేంకటపతి చనిపోయాడు. చనిపోయే ముందు రాజముద్ర ఉంగరాన్ని అన్న కొడుకు శ్రీరంగడికిచ్చాడు. గొబ్బూరి జగ్గరాయుడనే నాయకుడి ఇంటి ఆడపడుచైన రాణి మాత్రం తన కొడుకని చెప్పుకున్న పిల్లవాణ్ణి రాజును చేయాలంది. జగ్గరాయుడు ఆమె పక్షం. వెలుగోటి యాచమనాయుడు శ్రీరంగడి పక్షం.

తర్వాతి కథను మాన్యుయెల్ బర్రాదాస్ అనే పోర్చుగీసు పాదిరీ 1616 డిసెంబరులో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలో చెప్పాడు. రాబర్ట్ సీవెల్ 1900లో వేసిన ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’లో ఆ ఉత్తరం ఉంది. శ్రీరంగణ్ణి, అతని కుటుంబాన్ని జగ్గరాయుడు బంధించాడు. యాచమనాయుడు ఒక చాకలిని కుదుర్చుకుని, బట్టల మూటలో ఒక రాకుమారుణ్ణి బయటికి తెప్పించాడు. మిగిలినవాళ్ళంతా చనిపోయారు. ఆ పిల్లవాడే రామదేవరాయలు. పోరు దక్షిణానికి పాకింది. మధుర, జింజి నాయకులు జగ్గరాయుడితో కలిశారు. తంజావూరు రఘునాథనాయకుడు యాచమనాయుడితో నిలిచాడు. 1616-17లో కావేరి ఒడ్డున తోపూరు దగ్గర జరిగిన యుద్ధంలో జగ్గరాయుడు కూలాడు.

నీళ్ళిచ్చే బావి ఊళ్ళోనే ఉంటే పక్కూరికి బిందె తీసుకుపోవడమెందుకు? యూరప్ సింహాసనాల గొడవల మీద ఆటలు కొనుక్కుని ఆడే మన పిల్లలకు ఇంతకన్నా రసవత్తరమైన కథ పది కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

నాలుగు వరుసల కాగితం

మా బల్ల చుట్టూ నా తరగతి పిల్లలు, ఇరుగుపొరుగువాళ్ళు, మిత్రులు. ప్రతి పాత్రకూ ఒక కాగితం. దానిమీద నాలుగే వరుసలు: నీ దగ్గర ఏముంది, నీకేం కావాలి, నీకొక్కడికే ఏం తెలుసు, ఎవరికి ఏం బాకీ. నాలుగోదే ప్రాణం. డబ్బు బాకీ కావచ్చు, ప్రాణం కాపాడిన రుణం కావచ్చు, ఇచ్చిన మాట కావచ్చు. బాకీ లేని పాత్ర ఎప్పుడైనా బల్ల దగ్గర నుంచి లేచిపోగలదు. బాకీ ఉన్నవాడు లేవలేడు.

కాగితాలు రాసేటప్పుడు ఇంకో కంప్యూటర్ ఆట పనికొచ్చింది. 2020లో పారడాక్స్ వాళ్ళే తెచ్చిన ‘క్రూసేడర్ కింగ్స్ 3’లో ఆడేది దేశాన్ని కాదు, ఒక మనిషినీ వాడి వంశాన్నీ. ఎదుటివాడి రహస్యం తెలిస్తే వాడి జుట్టు నీ చేతిలో ఉన్నట్టే. స్వభావానికి విరుద్ధంగా పనిచేస్తే మనసు మీద ఒత్తిడి పెరిగి మనిషి దెబ్బతింటాడు. ఈ రెండూ తీసుకున్నాం. యాచమనాయుడి వేషగాడు అబద్ధమాడొచ్చు. ఆడితే ఆ విడతలో ఇంకో పని చేయలేడు.

బలాల లెక్కకు బర్రాదాస్ సాయపడ్డాడు. తిరుగుబాటు పక్షంలో జగ్గరాయుడికి 20,000, తిమ్మానాయకుడికి 12,000, మాకరాయుడికి 6,000 మంది సైనికులు ఉన్నారని ఆయన రాశాడు. వెయ్యిమందికి ఒక చింతపిక్క పెట్టాం. జగ్గరాయుడి ముందు ఇరవై పిక్కల కుప్ప చూడగానే మిగతావాళ్ళ ముఖాలు మారిపోతాయి. అతని ముఖం కూడా మారుతుంది. మిగతా ఇద్దరి పిక్కలూ కలిపితే పద్దెనిమిదే అయినా, వాళ్ళు పక్కకు తప్పుకుంటే తన ఇరవై చాలవని అతనికి రెండో విడతకే అర్థమవుతుంది.

ఒక్కో విడత ఒక రుతువు. వేంకటపతి పోయింది అక్టోబరులో గనక ఆట ఈశాన్య రుతుపవనాల వానలో మొదలవుతుంది. మా సీమకు వానంటే ఆ నెలలే. స్వర్ణముఖి పొంగి ఉంటుంది, బండ్లు దిగబడతాయి, సైన్యం కదలదు. అందుకని తొలి విడతలో ఉత్తరాలు తప్ప మరేమీ ఉండవు. ఇది ఆటకు చాలా మేలు చేసింది. కత్తి తీయడానికి వీల్లేనప్పుడు మనుషులు మాట్లాడుకుంటారు. ఉత్తరాలన్నీ సూత్రధారి, అంటే మధ్యవర్తినైన నా చేతిమీదుగా పోవాలి. దారిలో ఎవరి సీమ ఉందో చూసి, ఆ నాయకుడు అడిగితే ఉత్తరం చదివే హక్కు ఇస్తాను. పులికాట్ డచ్చి వర్తకుడి వేషం వేసిన ఆర్టీసీలో పనిచేసే నా మిత్రుడు ఆ ఒక్క నియమంతోనే బతికేశాడు. ఎవరి ఉత్తరాన్నైనా ఓడలో చుట్టూ తిప్పి భద్రంగా పంపుతానని బేరం పెట్టాడు.

ఒక పని జరుగుతుందా లేదా అన్న సందేహం వస్తే ఆ పనిచేసేవాడు మూడు కారణాలు చెప్పాలి. ఎదుటివాడు అడ్డుకారణాలు చెబుతాడు. ఎవరి వాదం గట్టిదో చూసి ఎన్ని గవ్వలు వెల్లకిల పడాలో సూత్రధారి చెబుతాడు. అప్పుడే గవ్వలు వేస్తాం. ఈ పద్ధతి వల్ల పిల్లలు పుస్తకాలు తిరగేస్తారు. బలమైన కారణం కావాలంటే కోట ఏ వైపు ఎత్తుగా ఉందో, గుర్రాలు ఏ రేవులో దిగుతాయో తెలియాలి.

కొండమీది ఖజానా

యుద్ధం ఆటల్లో గుడి అంటే ఒక బొమ్మ. మా ఆటలో తిరుమల ఒక పాత్ర. ఆ కాలపు శాసనాల్లో ఆలయ వ్యవహారాలు చూసే స్థానత్తారులు కనిపిస్తారు. భక్తులిచ్చిన సొమ్ముతో దేవస్థానం గ్రామాల్లో కాలువలు, చెరువులు తవ్వించేవారు. దానివల్ల పెరిగిన పంటతో ఆ దాత పేరున నైవేద్యం జరిగేది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు దక్కేది. దేవస్థానం అచ్చువేసిన శాసన సంపుటాల నిండా ఇలాంటి ఒప్పందాలే. అమెరికా చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో ఈ ఆర్థిక పద్ధతి మీద పేరున్న వ్యాసం రాశాడు.

బ్యాంకులో పనిచేసి రిటైరైన మా పక్కింటి అక్కకు స్థానత్తారుల వేషమిచ్చాం. సైన్యం లేదు, కోట లేదు. మొదట “నాకేం పని సామీ ఈడ?” అంది. జగ్గరాయుడు ముందు ఆమె దగ్గరికే వచ్చాడు. కొత్త రాజు పేరున అర్చన జరిపిస్తే జనం అతన్నే రాజనుకుంటారని అతని ఎత్తు. ఆమె పుస్తకం తెరిచి, “ముందు కాలువకు సొమ్ము కట్టు నాయనా, పంట చేతికొచ్చినాక అర్చన సంగతి చూద్దాం” అంది. యాచమనాయుడొచ్చినా అదే మాట. రెండు పక్షాలూ కాలువలు తవ్వించాయి. యుద్ధం ఎవరు గెలిచినా ఆమె ఖాతా పెరుగుతూనే పోయింది. రాజులు మారినా గుడి ఎలా నిలబడిందో ఆ పూట మా పిల్లలకు తెలిసినంతగా నా పాఠంలో ఎన్నడూ తెలియలేదు.

మూట మోసిన మనిషి

చాకలి వేషాన్ని తరగతిలో నోరు విప్పని అమ్మాయికి ఇచ్చాను. ఆమె కాగితంలో మొదటి వరుస: కోటలోకి పోయే దారి. రెండో వరుసను ఖాళీగా వదిలేశాను, ఆమే రాసుకోవాలి. నేను చదివిన పుస్తకాల్లో ఆ చాకలి పేరు లేదు. ఏం ఇచ్చారో కూడా లేదు. యాచమనాయుడి మనిషి వచ్చి రాజభక్తి గురించి చాలాసేపు చెప్పాడు. అమ్మాయి అంతా విని అడిగింది: “పట్టుబడితే నా తల పోతాది. నా పిల్లోళ్ళకు మాన్యం రాసిస్తారా? ఇప్పుడే, కాగితం మీద.”

ఇవ్వడానికి యాచమనాయుడి దగ్గర భూమి మిగల్లేదు. ఉన్నదంతా నాయకులకు పంచేశాడు. ఒక నాయకుడి దగ్గర తిరిగి తీసుకుంటే అతను అలుగుతాడు. రాజ్యం ఒక మూట మీద నిలబడి ఉంది, మూట ఒక మాన్యం మీద నిలబడి ఉంది. ఆ బేరం తెగడానికి చాలా పొద్దుపోయింది. చివరికి రాసిచ్చాడు. ఆమె మూట ఎత్తింది. ఆట కట్టడంలో నేను గట్టిగా నమ్మేది ఇదే. పాత్ర బలం పిక్కల్లో ఉండదు, మరొకరు చేయలేని ఒక పనిలో ఉంటుంది. అలాంటి పని లేని వేషాన్ని ఎవరికీ ఇవ్వకండి.

పాటించాల్సిన జాగ్రత్తలు

చరిత్ర పాత్రలకు వారసులుంటారు, కులాలుంటాయి, అభిమానాలుంటాయి. అందుకే జగ్గరాయుడి కాగితాన్ని అతని వైపు నుంచే రాస్తాం. కొత్త కొలువులో తన మాట చెల్లదన్న భయం, ఇంటి ఆడపడుచుకిచ్చిన మాట. వేషగాడికి తాను దుర్మార్గుణ్ణని అనిపిస్తే ఆట అక్కడితో చచ్చిపోతుంది. రాజకుటుంబం హత్యను ఆడించం. సూత్రధారి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతాడు. పిల్లలున్న బల్ల మీద దానికి మించి అక్కర్లేదు.

గొంతున్నవాడు బల్లనంతా ఆక్రమిస్తాడు. అందుకే ఆజ్ఞలు నోటితో చెప్పకూడదు, రాసివ్వాలి. కాగితం మీద అందరి గొంతూ ఒకటే.

చరిత్ర మారొచ్చా? మారాలి. మా బల్ల మీద ఒకసారి జింజి నాయకుడు తటస్థంగా ఉండిపోయాడు, తోపూరు యుద్ధమే జరగలేదు. కానీ ఆట ముగిశాక నిజంగా ఏం జరిగిందో అరగంట చెప్పుకోవడం తప్పనిసరి. మనం ఎక్కడ దారి మళ్ళాం, ఆనాటివాళ్ళు ఎందుకు మళ్ళలేకపోయారు? ఆ ప్రశ్న లేకపోతే ఇది కాలక్షేపమే. అదే చంద్రగిరి రాయల ఏలుబడిలో 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు స్థలం దక్కింది. నాయకులు ఒకరినొకరు నమ్మి ఉంటే అది జరిగేదా అని మా అక్క కొడుకు అడిగాడు. అంతా నా కిందనే అన్నవాడే. ఇప్పుడు వాడి పటంలో రంగులు ఎక్కువయ్యాయి.

ఇది చంద్రగిరివాళ్ళకే దక్కిన భాగ్యం కాదు. కార్వేటినగరానికి, పుంగనూరుకు, శ్రీకాళహస్తికి, వెంకటగిరికి సంస్థానాల చరిత్రలున్నాయి. మీ ఊరికీ ఏదో ఒక కోట, ఒక చెరువు, ఒక తగవు ఉండే ఉంటుంది. ఈ వేసవిలో ఇంట్లో పిల్లలు సెల్‌ఫోన్లు పట్టుకుని కూర్చున్నప్పుడు వాళ్ళను తిట్టకండి, పిలిచి కూర్చోబెట్టండి. మీ ఊరి చరిత్రలో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియని ఒక ఏడును ఎంచుకోండి. ముందే పటం గీయడానికి దిగకండి. ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో రాయండి. ఆరుగురు మనుషులు, ఆరు కాగితాలు, గుప్పెడు చింతపిక్కలు ఉంటే ఆట మొదలైనట్టే.